రోడ్డు సైకిలు – దేహబాధ – నివారణోపాయములు

ఉదయమున మొదటి గంట మ్రోగుటకు ముందు మన పాఠశాల సైకిళ్ల షెడ్డుకడ నిలిచి చూచువారికి నిత్యమును ఒక దృశ్యము కానవచ్చును. ఒక బాలుడు సైకిలు దిగి మోకాలు పట్టుకొని నిలుచును. వేరొకడు మెడను ఇటు నటు త్రిప్పుకొనును. మరియొకడు వ్రేళ్లు దులుపుకొనుచు తరగతిలోనికి వచ్చును. కొంతకాలముగా వంపు హ్యాండిలును సన్నని చక్రములును గల రోడ్డు సైకిళ్లు నాలుగైదు మన షెడ్డులో చేరినవి. వానితోబాటు ఈ బాధలును చేరినవి. "ఇట్టి సైకిలు త్రొక్కువారికి నొప్పులు సహజమే" అని బాలురు తమలో తాము చెప్పుకొనుచుందురు. ఈ మాట చాలవరకు నిజము కాదనియు, ఇట్టి నొప్పులలో పెక్కింటికి కారణము దేహబలహీనత గాక సైకిలునకును దేహమునకును పొందిక లేకుండుటయే యనియు చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. మేము వైద్యులము కాము. సామాన్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయులము మాత్రమే. అయినను ఒక విద్యార్థి విషయమున మేము చేసిన పొరపాటు మమ్ములను ఈ సంగతి శ్రద్ధగా పరిశీలింపజేసినది. దానితోనే ప్రారంభించెదము.

పదవ తరగతి విద్యార్థి యొకడు ప్రతిదినమును 14 కిలోమీటర్ల దూరమునుండి వచ్చుచుండెను. వాని పెదతండ్రిగారి కుమారుడు ఉద్యోగమునకై పట్టణమునకు పోవుచు తన రోడ్డు సైకిలును వానికిచ్చెను. నెల తిరుగక మునుపే ఆ బాలుడు మాకడకు వచ్చి, "మాస్టారూ, మోకాటి ముందుభాగము సలుపుచున్నది, మెట్లెక్కలేకున్నాను" అని చెప్పెను. మేము, "అలవాటు లేని కాళ్లు గదా, కొన్నాళ్లు ఓర్చుకొనుము, అదియే పోవును" అని సమాధానమిచ్చితిమి. మూడు వారములైన పిమ్మట వాని తండ్రిగారు వచ్చిరి. "అయ్యా, మావాని కాళ్లయందు బలము లేదు కాబోలు. సైకిలు అమ్మివేసి బస్సున పంపెదను" అని వారనిరి. ఆ యూరినుండి వచ్చు మొదటి బస్సు మన రెండవ పీరియడునకు గాని చేరదు. అనగా పరీక్షల సంవత్సరమున ఆ బాలునకు ప్రతిదినమును గణితపాఠము తప్పిపోవును. అప్పుడు గాని మాకు మా మాటలోని తేలికతనము తెలిసిరాలేదు. ఆ సాయంకాలము వానిని సైకిలెక్కి గోడ నానుకొని కూర్చుండుమని కోరితిమి. అంతవరకు వాని మాట వింటిమే గాని వానిని సైకిలుపై ఒక్కసారియైనను పరికించి చూచియుండలేదు.

చిన్న తప్పు పెద్ద బాధ యెట్లగును?

ఒక లెక్క వేయుదము. సైకిలు త్రొక్కువాడు నిమిషమునకు 80 పర్యాయములు పెడలు త్రిప్పుననుకొందము. 14 కిలోమీటర్లకు 40 నిమిషములు పట్టినచో 3,200 త్రిప్పులగును. పోవుటకును వచ్చుటకును కలిపి 6,400. అనగా ఒక్కొక్క మోకాలు దినమునకు 6,400 మార్లు ముడుచుకొని చాచుకొనుచున్నది. నడకయందు మన అడుగులు నేలనుబట్టి, అలసటనుబట్టి కొంచెము కొంచెము మారుచుండును. సైకిలుపై నట్లు కాదు. పాదము పెడలుపై ఒకే చోట, నడుము సీటుపై ఒకే చోట నిలిచియుండుటచేత ప్రతి త్రిప్పును ముందటి త్రిప్పువలెనే యుండును. కావున ఒకటి రెండు సెంటీమీటర్ల తప్పైనను వేలకొలది పర్యాయములు ఒకే కీలుపై, ఒకే నరముపై పడును. సైకిలుపై దేహమునకు ఆధారములు మూడే: పెడళ్లు, సీటు, హ్యాండిలు. ఈ మూడింటి నడుమ దూరములు సరిగా నున్నచో దేహము సుఖించును. లేనిచో ఏదో యొక అవయవము ఆ లోటును భరింపవలసి వచ్చును.

రోడ్డు సైకిలునందు ఈ పొందిక మరింత అవసరము. ఇంగ్లండు దేశమున జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవరు సైకిలును నిర్మించినప్పటినుండి రెండు సమచక్రములు, గొలుసుచే తిరుగు వెనుకచక్రము అను ఏర్పాటు నేటివరకు నిలిచియున్నది. సాధారణ సైకిలుపై మనము నిటారుగా కూర్చుందుము. రోడ్డు సైకిలుపై ముందునకు వంగుదుము. చదునైన బాటపై వేగము గంటకు 20 కిలోమీటర్లు దాటిన పిమ్మట మన శ్రమలో అధికభాగము గాలిని చీల్చుకొనిపోవుటకే వ్యయమగును. వంగినచో గాలికెదురగు వైశాల్యము తగ్గును. కాని వంగినకొలదియు నడుము, మెడ, అరచేతులు మోయు భారము పెరుగును. వేగమునకు మనము చెల్లించు మూల్యమిదియే. ఆ మూల్యము న్యాయమైనంతకు మించకుండ చూచుకొనుటయే ఈ విద్య.

సీటు ఎత్తు

అన్నిటికంటె మొదట సరిచేయవలసినది సీటు ఎత్తు. దీనికి కొలత యున్నది. పాదరక్షలు విడిచి గోడకు వీపానించి నిటారుగా నిలువవలెను. గట్టి అట్ట గల పుస్తకమొకటి కాళ్ల నడుమ నుంచి, సీటుపై కూర్చున్నప్పుడు ఒత్తుకొనునంత గట్టిగా పైకి నొక్కి పట్టవలెను. నేలనుండి పుస్తకపు పై అంచువరకు గల దూరము కాలి లోపలి పొడవు. 1967లో ఇంగ్లండునందు హామ్లీ, థామస్ అను పరిశోధకులు ఈ పొడవును 1.09చే గుణించగా వచ్చు కొలతను సీటు ఎత్తుగా సూచించిరి. పెడలు అన్నింటికంటె దిగువనున్నప్పుడు దాని ఇరుసునుండి సీటు పైభాగమువరకు ఈ దూరముండవలెను. ఇటీవలివారు మోకాటి కోణమును చూతురు: పెడలు అడుగున నున్నప్పుడు మోకాలు పూర్తిగా చాచిన స్థితినుండి 25 మొదలు 35 డిగ్రీలవరకు వంగియుండుట మేలందురు. కొలబద్ద లేనివారికి మరియొక సులభోపాయము కలదు. మడమను పెడలుపై నుంచి అడుగునకు త్రొక్కినప్పుడు నడుము ప్రక్కకు వంగకుండ కాలు తిన్నగా చాచుకొనవలెను. అప్పుడు పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు తగినంత వంగును.

మన విద్యార్థి కాలి పొడవు 78 సెంటీమీటర్లు. 1.09చే గుణించిన 85. వాని సీటు 82 సెంటీమీటర్ల యెత్తున నున్నది. అన్నగారు వాని కంటె పొట్టివాడు. సీటు అన్నగారి కొలతకే నిలిచిపోయినది. సీటు తక్కువైనప్పుడు పెడలు పైకి వచ్చినవేళ మోకాలు మిక్కిలి ముడుచుకొనును. అట్టి స్థితిలో బలముగా త్రొక్కినచో మోకాటిచిప్ప దాని వెనుకనున్న ఎముకపై గట్టిగా ఒత్తుకొనును. నొప్పి ముందుభాగమున కలుగును. వాని కాళ్లయందు బలము లేకపోలేదు. ఆ బలము తప్పుకోణమున వ్యయమగుచుండెను.

మూడు సెంటీమీటర్లను ఒక్కనాడే పెంచరాదు. కండరములు పాత కొలతకు అలవాటుపడి యుండును. కావున రెండు మూడు దినములకొకసారి 5 మిల్లీమీటర్ల చొప్పున ఆరు విడతలుగా పెంచితిమి. సీటు కడ్డిపై, ఇంతకు మించి పైకి లాగరాదని తెలుపు గీత యొకటి యుండును; ఆ గీత పైకి కనబడకూడదు. మూడవ వారమునకు మోకాటి సలుపు చాలవరకు తగ్గెను. అంతట ఆ బాలుడు, మంచిని మరికొంత పెంచిన మరింత మంచియగునను తలంపుతో, ఇంటికడ తానే యింకొక రెండు సెంటీమీటర్లు పెంచుకొనెను. నాలుగు దినములలో మోకాటి వెనుకభాగము లాగ నారంభించెను. వెనుకనుండి చూచితిమి గదా, ప్రతి త్రిప్పునకును వాని నడుము ఎడమకును కుడికిని ఊగుచున్నది. పెడలు అందక తుంటి దానిని వెదకుకొనుచున్నది. సీటు తక్కువైన మోకాటి ముందు నొప్పి, ఎక్కువైన మోకాటి వెనుక నొప్పియు నడుము ఊగుటయు అని ఆ బాలుడు తానే నోటుపుస్తకమున వ్రాసికొనెను. తిరిగి 85కు దింపి, కడ్డిచుట్టు ఆనవాలుగా టేపు చుట్టితిమి.

సీటు మట్టము, ముందువెనుకలు

రెండవ ఉదాహరణము మా సొంతమే. మేమును సెలవుదినములలో రోడ్డు సైకిలు త్రొక్కుచుందుము. ఒక వేసవియందు ప్రయాణము ముగించిన మరునాడు తరగతిలో సుద్దముక్క చేతినుండి జారిపోవుచుండెను. చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలును తిమ్మిరెక్కుచుండెను. అరచేతి మొదట, చిటికెనవ్రేలి వైపున, ఆ రెండు వ్రేళ్లకు పోవు నరము ఎముకల నడుమ ఇరుకు దారిన సాగును. హ్యాండిలు ఆ చోటనే ఒత్తిన ఈ తిమ్మిరి పుట్టును. మేము చేతికి మెత్తని తొడుగులు కొంటిమి, గుణము కనబడలేదు. తుదకు తాపీపనివారి రసమట్టమును సీటుపై నుంచి చూడగా దాని ముక్కు మిక్కిలి క్రిందికి వాలియున్నది. అందుచేత దేహము ముందునకు జారుచు, దానిని నిలుపు పని చేతులపై పడుచుండెను. బాధ చేతియందు, కారణము సీటునందు! సీటును సమమట్టముగా సరిచేసిన పిమ్మట రెండు వారములలో తిమ్మిరి విడిచిపోయెను. సీటు సమముగా నుండుట సామాన్యముగా మేలు. మర్మావయవములపై ఒత్తిడి కలుగువారు ముక్కును రెండు మూడు డిగ్రీలకు మించకుండ దింపవచ్చును.

సీటును ముందునకును వెనుకకును జరుపవచ్చును. క్రాంకులను నేలకు సమాంతరముగా నిలిపి, ముందరి కాలి మోకాటిచిప్ప క్రిందనుండి బరువు గట్టిన దారమును వ్రేలాడదీసినచో అది పెడలు ఇరుసు మీదికి వచ్చుట మంచిదని వాడుక. ఇది ప్రకృతినియమము కాదు. ప్రారంభమునకు పనికివచ్చు గుర్తు మాత్రమే. సీటు మితిమీరి ముందున్నచో చేతులపై భారము హెచ్చును. మితిమీరి వెనుకనున్నచో హ్యాండిలు అందుకొనుటకు వెన్ను సాగవలసివచ్చును. సీటును వెనుకకు జరిపిన పెడలునుండి దాని దూరమును కొంత పెరుగును గావున ఎత్తును మరల కొలువవలెను.

మెత్తని సీటే సుఖమని పెక్కుమంది భ్రమపడుదురు. కూర్చున్నప్పుడు మన భారమును మోయవలసినవి తుంటి యెముకల అడుగున నున్న రెండు గట్టి గుబ్బలు. సీటు మిక్కిలి మెత్తనైనచో ఆ గుబ్బలు దిగబడి, వాని నడుమనున్న మెత్తని భాగములపై సీటు పైకి ఒత్తుకొనును. అచ్చటి నరములకును రక్తనాళములకును అది హాని. ఆ గుబ్బల నడుమ దూరమునకు తగిన వెడల్పు గల గట్టి సీటే మేలు. బాలికలకును స్త్రీలకును ఈ దూరము సగటున కొంత యెక్కువగా నుండును గావున వారికి వెడల్పు సీటు అవసరము కావచ్చును. అచ్చట తిమ్మిరి కలిగినచో సిగ్గుచే దాచరాదు, తల్లిదండ్రులకు చెప్పవలెను.

హ్యాండిలు, మెడ, నడుము

మన తల సుమారు 5 కిలోల బరువు. నిటారుగా నున్నప్పుడు వెన్నెముక దానిని స్తంభమువలె మోయును. ముందునకు వంగి, బాట కనబడుటకై తలయెత్తి చూచునప్పుడు ఆ భారమంతయు మెడ వెనుకటి కండరములపై పడును. హ్యాండిలు మిక్కిలి క్రిందుగానో దూరముగానో యున్నచో మెడయు భుజములును నొచ్చుట ఇందుచేతనే. ప్రారంభకులకు హ్యాండిలు సీటుతో సమానమైన యెత్తున నుండుట మంచిది. హ్యాండిలును ముందుచీలికతో కలుపు కొమ్మును స్టెమ్ అందురు. దాని క్రిందనుండు వలయములను మార్చి హ్యాండిలును కొంత పైకి తీయవచ్చును; పొట్టి స్టెమ్మును బిగించిన హ్యాండిలు దగ్గరగును. ఈ పని చక్రము నిలుకడకు సంబంధించినది గావున అనుభవము గల మెకానిక్కు చేతనే చేయింపవలెను.

కొలతలన్నియు సరిపడినను కూర్చుండు తీరు చెడ్డదైనచో నొప్పి వదలదు. నడుమును విల్లువలె వంచక, తుంటికడనుండి ముందునకు వాలవలెను. మోచేతులు బిగియక కొంచెము వంగియుండవలెను; అవి బాట కుదుపులను మ్రింగు స్ప్రింగులవంటివి. భుజములు చెవులవైపునకు లేవరాదు. మణికట్టు విరిగినట్లు వంగక ముంజేతితో తిన్నగా నుండవలెను. వంపు హ్యాండిలును పట్టుకొనుటకు పైభాగము, బ్రేకు మూతులు, క్రింది వంపులు అని మూడు చోట్లు కలవు. కొన్ని నిమిషములకొక పర్యాయము చోటు మార్చినచో ఏ యొక్క నరమును అలసిపోదు. నడుమ నడుమ సీటుపైనుండి లేచి పది పదిహేను త్రిప్పులు నిలిచి త్రొక్కుటయు మేలు. బరువైన గేరుతో నెమ్మదిగా మొరటుగా త్రొక్కుటకంటె తేలికగేరుతో చురుకుగా త్రొక్కుట మోకాళ్లకు హితము. టైర్లయందు గాలి రాయివలె బిగియ గొట్టిన వేగము హెచ్చునని బాలురు తలంతురు. గతుకుల బాటపై అది చేతులకును వెన్నునకును కుదుపును హెచ్చించును గాని వేగమును హెచ్చింపదు.

పాదములు

పాదపు వెడల్పైన ముందుభాగము పెడలు ఇరుసుపై నుండవలెను. పాదరక్ష అడుగున బిగింపు లోహము గల బూట్లు ధరించువారు ఒక సంగతి గమనింపవలెను. ఒక్కొక్కని పాదము నడకలోనే కొంచెము లోపలికో వెలుపలికో తిరిగియుండును. పెడలుపై బలవంతముగా తిన్నగా బిగించినచో ఆ మెలిక మోకాటికి చేరును. కుర్చీపై కూర్చుండి కాళ్లు వ్రేలాడదీసినప్పుడు పాదము సహజముగా ఏ దిక్కు చూచునో ఆ దిక్కునకే బిగింపవలెను. వ్రేళ్లు మండినను తిమ్మిరెక్కినను బూటు బిగువును తగ్గించి, బిగింపును మడమవైపునకు కొంచెము జరిపి చూడవలెను.

ఒక వీరుని ఉదాహరణము

కొలత నొకసారి సరిచేసిన చాలునని తలంపరాదు. బెల్జియము దేశస్థుడగు ఎడ్డీ మెర్క్స్ ప్రసిద్ధమైన ఫ్రాన్సు ప్రదక్షిణ పందెమును 5 పర్యాయములు గెలిచినవాడు. 1969లో, ఆ పందెమును మొదటిసారి గెలిచిన సంవత్సరముననే, ఫ్రాన్సులోని బ్లవా పట్టణమున వలయపు బాటపై జరిగిన ప్రమాదమున ఆయనకు ముందు మోటారు సైకిలు నడుపుచుండిన వాడు మరణించెను. మెర్క్స్ తలకును తుంటికిని దెబ్బలు తగిలినవి. అప్పటినుండి ఆయనను నడుమునొప్పి విడువలేదు. పందెము నడుమనే సీటు ఎత్తును మార్చుకొనుట ఆయనకు అలవాటైనది. అయినను 1972లో మెక్సికో నగరమున ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు త్రొక్కి ఆనాటి ప్రపంచ రికార్డును నెలకొల్పెను. అంతటి బలశాలియే తన దేహము చెప్పు మాట విని సీటు సవరించుకొనుచుండగా, ఎదుగుచున్న బాలురు నొప్పిని మ్రింగి ఊరకుండనేల?

తల్లిదండ్రులకు మనవి

ఎదుగు పిల్లవాడు గదా యని చొక్కావలె సైకిలును ఒక సైజు పెద్దది కొనుట మన యిండ్లలో ఆచారము. సీటును దింపవచ్చును గాని ఫ్రేము పొడవును తగ్గింపజాలము. పెద్ద సైకిలుపై బాలుడు హ్యాండిలు అందక నడుమును చాచుచు, ఆగునప్పుడు నేల అందక పడిపోవుచుండును. ఫ్రేము పైకడ్డీకి ఇరుప్రక్కల రెండు పాదములును నేలపై నానించి నిలిచినప్పుడు కడ్డీకిని దేహమునకును నడుమ కొంత యెడముండవలెను. ఎదుగుదల వయస్సున మూడు నాలుగు మాసములకొకసారి కాలి పొడవును మరల కొలిచి సీటు పెంచవలెను. ఒక పుస్తకము, ఒక టేపు, ఒక స్పానరు ఇందుకు చాలును.

అన్ని నొప్పులును కొలతతో పోవునని మేము చెప్పుట లేదు. కీలు వాచినను, రాత్రి నిద్రలో సలిపినను, క్రిందపడిన పిమ్మట నొప్పి మొదలైనను, సైకిలు మానిన తరువాత కొన్ని దినములకును తిమ్మిరి విడువకున్నను ఆలసింపక వైద్యునికి చూపవలెను. మార్పులు చేయువారు ఒక్కసారి ఒక్క మార్పే చేసి, దాని ఫలము తేలువరకు వేచి, పాత కొలతను వ్రాసియుంచుకొనవలెను. మా ప్రయోగశాలలో విద్యార్థులకు బోధించు పద్ధతియు ఇదియే.

ఆ విద్యార్థి సైకిలు అమ్ముడుపోలేదు. వాని తండ్రిగారు ఒక దినము వచ్చి సీటు కడ్డిపైనున్న టేపును వ్రేలితో తడవి, "ఇంతేనా అయ్యా!" అని నవ్విరి. ఇంతయే. కాని ఆ ఇంతను చూచుటకు మాకు మూడు వారములు పట్టినది; ఆ మూడు వారములును బాలుడు నొప్పితోనే పాఠశాలకు వచ్చెను. నేడు ఎవడైనను వచ్చి "మాస్టారూ, నొప్పిగా నున్నది" అన్నచో మేము ఓర్చుకొమ్మని చెప్పుట మానితిమి. "ఏదీ, సైకిలెక్కి చూపుము" అని షెడ్డుకు పోవుచున్నాము. విద్యార్థులారా, మీరును నొప్పిని దాచక చెప్పుడు. పెద్దలారా, మనమును చెప్పినది విని ఊరకుండక లేచి చూతము.